చూసిన కొండ – నడిచిన కొండ

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి వ్రాతప్రతి)



పెన్షన్ సవరణ గురించీ, డి.ఆర్. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం "ఏదైనా తేలిక విషయం చెప్పండి, భోజనాల వేళ అవుతోంది" అన్నారు కార్యదర్శిగారు. కొండల్లో నడవడం గురించి చెబుతాను. అది తేలిక విషయమో కాదో ఎవరి మోకాళ్ళను వారే అడిగి తెలుసుకోవాలి.

ఈ విషయమే ఎందుకంటే, పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఏటా మనం వేసుకునే విహారయాత్ర ఈసారి అరకుకు ఏ.సి. బస్సులో వేద్దామనీ, వ్యూ పాయింట్ల దగ్గర మాత్రమే దిగి చూసి మళ్ళీ ఎక్కేద్దామనీ, నడక కార్యక్రమం ఇక మీదట పెట్టవద్దనీ దాని సారాంశం. కారణం లేకపోలేదు. కిందటేడు ఒక సభ్యునికి నడుస్తుండగా కళ్ళు తిరిగాయి. వారి అబ్బాయి ఫోను చేసి "ఈ వయసులో మీకు కొండలెందుకండీ" అని అడిగాడు. కన్నకొడుకు ఆ మాట అనడంలో తప్పు లేదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఫైలు మూసేయడం నాకు నచ్చలేదు. అందుకని ఈ నోటు పుటప్ చేస్తున్నాను.

నేను 1974లో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. చాలా ఏళ్ళు నాది బిల్లుల సీటు. అప్పటి విశాఖ జిల్లా ఎంత పెద్దదో మీకు గుర్తుండే ఉంటుంది. 1979లో విజయనగరం జిల్లా విడిపోయేదాకా సముద్రం నుంచి ఒరిస్సా సరిహద్దు వరకు ఒకటే జిల్లా. క్యాంపులు తిరిగి వచ్చినవారి టి.ఏ. బిల్లులు నా బల్ల మీదికి వచ్చేవి. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి. ఈ పేర్లు ఎన్ని వందల సార్లు వ్రాశానో లెక్క లేదు. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అందులో ఒక్క ఊరూ చూడలేదు. రిటైరైన ఏడాది చలికాలంలో మొదటిసారి అనంతగిరిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాను. ముప్పై అయిదేళ్ళు కాగితం మీద ఉన్న పేరుకు వాసన ఉందని ఆ రోజు తెలిసింది. కాఫీ తోటల కింద తడి ఆకుల వాసన అది.

ఆ రోజుల్లో ఏజెన్సీ అంటే మనవాళ్ళు ఎంత హడలిపోయేవారో ఇక్కడున్న పాతవారికి చెప్పనక్కర్లేదు. పాడేరు బదిలీ ఆర్డరు వస్తే ఇంట్లో ఏడుపులు. మన్యం జ్వరం వస్తుందని, నీళ్ళు పడవని, దాన్ని రద్దు చేయించుకోవడానికి తిరగని గుమ్మం ఉండేది కాదు. ఈనాడు అదే పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడాలని తెల్లవారుజామున మూడింటికి కార్లు బారులు తీరుతున్నాయి. లంబసింగిలో డిసెంబరు చలికి వణకడానికి డబ్బిచ్చి మరీ వెళుతున్నారు. ఉచితంగా జీతమిచ్చి పంపుతామంటే వద్దన్న చోటది! నవ్వకండి, మీలో ఎంతమంది రద్దు చేయించుకున్నారో ఆ ఫైళ్ళు చూసినవాణ్ణి.

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను, మన్నించండి. లంబసింగి ఘాటు రోడ్డు మీద కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళు వేసుకొని పోతుంటే నాకు గుర్తుకు వచ్చేది మన శాఖ చరిత్రే. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఆ కొండల మీదుగా రోడ్డు వేయడానికి బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు మన్యం ప్రజల చేత బలవంతపు చాకిరీ చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. అడవిలో పోడు కొట్టుకోవడానికి ఆంక్షలు ఒకవైపు, ఈ రోడ్డు పని ఒకవైపు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి వెనుక ఉన్న కారణాలలో ఈ రోడ్డు ఒకటి. ఆయన పేరుతోనే 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతమంతా వేరే జిల్లా అయింది. అరకు, అనంతగిరి, బొర్రా, పాడేరు ఏవీ ఇప్పుడు విశాఖ జిల్లాలో లేవు. రోడ్డు బాగుంది, మలుపులు బాగున్నాయి అని ఫొటోలు తీసుకునేవారికి ఆ రోడ్డు ఎవరి చెమటతో వచ్చిందో ఒక్కసారైనా చెప్పేవారుండాలని నా కోరిక.

1/70 చట్టం మీకు గుర్తుందా? ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదనే రెగ్యులేషను. మనం దాని మీద ఎన్ని మెమోలు టైపు చేశామో! ఆ రెగ్యులేషను మీదనే 1997 జులైలో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. కేసు పుట్టింది మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద. ఆ చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి అక్కడి ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల వారికి లీజు ఇవ్వడానికి వీల్లేదు అన్నది అందులో ముఖ్యమైన మాట. ఒక చిన్న మాటకు అర్థం చెప్పడం వల్ల ఒక కొండ నిలబడింది. గుమాస్తాగా బ్రతికినవాడికి ఇంతకంటే సంతోషం కలిగించే సంగతి ఏముంటుంది? గాలికొండ దగ్గర నిలబడి చుట్టూ చూసినప్పుడు మనం చూసేది మరొకరి ఇంటి పెరడు. చుట్టంగా వెళ్ళినవాడు పెరట్లో ప్లాస్టిక్ సీసాలు పారేసి రాడు గదా.

సరే, అరకు రైలు సంగతి. అది మీ అందరికీ తెలిసిన ప్రయాణమే గనుక పొడిగించను. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది మన కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు పంపడానికి. కొండల్ని తొలిచి 58 సొరంగాలు వేశారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను ఉంది. 2017 నుంచి అద్దాల బోగీ కూడా వచ్చింది. కుర్చీ గిరగిరా తిప్పుకుంటూ చూడవచ్చు. నేను ఎక్కాను, బాగుంది. దిగాక మా ఆవిడను "ఏం చూశావు" అని అడిగితే "కొండలు" అంది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. అదే బొర్రా స్టేషనులో దిగి కటికి జలపాతం దారిలో కొంతదూరం నడిచి వచ్చిన రోజున ఇద్దరమూ వారం రోజులు చెప్పుకున్నాం.

అయితే నేను ఇవాళ మిమ్మల్ని తీసుకుపోదామనుకుంటున్నది అరకు కాదు. అంత దూరం అక్కర్లేదు. మన ఊళ్ళో పేర్లు ఒక్కసారి వినండి. ముడసర్లోవ, హనుమంతవాక, మాధవధార. లోవ అంటే కొండల నడుమ పల్లం. వాక అంటే ఏరు. ధార సంగతి చెప్పేదేముంది. ఊరి పేర్లలోనే కొండా నీరూ ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొని అడ్డంగా నిలబడింది గనుకనే ఇక్కడ ఓడలకు నీడ దొరికి 1933లో ఓడరేవు తెరిచారు. బొర్రా గుహల్లో పారే గోస్తనీ నది తాటిపూడి జలాశయం మీదుగా మన కుళాయిల్లోకి వస్తోంది. విశాఖవాసి కొండల్ని చూడకుండా బ్రతకవచ్చునేమో గానీ, కొండ నీళ్ళు తాగకుండా బ్రతకడం కష్టం.

ఆ కొండల్లో ఒకటి కంబాలకొండ. జంతు ప్రదర్శనశాల దగ్గర, జాతీయ రహదారి పక్కనే ఉంది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఏలుబడిలోని అడవి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద నగరం ఒళ్ళో ఇంత అడవి ఉండడం ఎంత అదృష్టమో మనకు పట్టదు. సిటీ బస్సు దిగి, టికెట్టు తీసుకొని లోపలికి పోతే పది నిమిషాల్లో లారీల మోత వినబడదు. చిరుత ఉంది, కొండగొర్రె ఉంది, ముళ్ళపంది ఉంది, అలుగు ఉంది అంటారు. నాకు ఇన్నేళ్ళలో చిరుత కనబడలేదు, కనబడాలన్న కోరికా లేదు. నెమళ్ళు, పాలపిట్టలు మాత్రం కావలసినన్ని. అదృష్టం బాగుంటే పొన్నంగి పిట్ట. ఎన్నో రంగులుంటాయి దానికి. అంత అందం పెట్టుకొని నేల మీద ఎండుటాకుల్లో పురుగులేరుకుంటూ తిరుగుతుంది. మన రికార్డు రూము అటెండరులా ఎక్కడున్నదీ కనబడదు, పిలిస్తే మాత్రం పలుకుతుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ వచ్చిన రోజు ఎవరం మరచిపోలేదు. మరునాడు నేను మేడ మీదికి వెళ్ళి చూస్తే సింహాచలం కొండ, కైలాసగిరి, అన్నీ నిప్పు పెట్టి కాల్చినట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఒక్క రోజు గాలికి ఆకన్నది లేకుండా పోయింది. కొన్నాళ్ళకు కంబాలకొండ దారి తెరిచాక వెళ్ళాను. నీడ కోసం నేను కూర్చునే నేరేడు చెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. తరువాతి ఎండాకాలం ఈ ఊళ్ళో ఎంత వేడి పుట్టిందో మీకూ తెలుసు. అప్పుడు అర్థమయింది, ఆ చెట్లు మన తలల మీద పట్టిన గొడుగని. అప్పటి నుంచి ప్రతి ఏడూ వానలు పడ్డాక ఏ మోడుకు ఎంత చిగురు వచ్చిందో చూడడానికి వెళుతున్నాను. పడిన నేరేడు మొదట్లో ఇప్పుడు నా ఎత్తుకు రెండింతలు మొక్క ఉంది. ఈ సంగతి బస్సు కిటికీలోంచి తెలియదు. ఒకే దారిన పదేపదే నడిచినవాడికే తెలుస్తుంది.

ఇప్పుడొక మనిషి గురించి చెప్పాలి. పేరు చెప్పనని మాట ఇచ్చాను. నాతో పనిచేసిన సూపరింటెండెంటు గారు. 2016లో వారి సతీమణి కాలం చేశారు. పిల్లలు ఇద్దరూ పై దేశాల్లో. ఆయన తలుపు వేసుకొని కూర్చున్నారు. మన సమావేశాలకు రావడం మానేశారు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కూడా "బ్రతికున్నానని సంతకం పెట్టడం దేనికయ్యా" అన్నారు. ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం ఆటో తీసుకుపోయి, "నాకు తోడు లేదు, రండి" అని ఎక్కించుకొని కంబాలకొండకు తీసుకువెళ్ళాను. ఆ రోజు గేటు నుంచి మొదటి బల్ల దాకా నడిచి కూర్చున్నారు. గంట సేపు ఒక్క మాట లేదు. రెండో వారం రెండో బల్ల. మూడో వారం వాన, వెళ్ళలేదు. ఎనిమిదో తొమ్మిదో వారం అనుకుంటాను, నడుస్తూ నడుస్తూ ఆగి "అదేం పిట్టయ్యా" అని అడిగారు. నాకు తెలియలేదు. "ఇన్నేళ్ళు తిరిగి పిట్ట పేరు తెలుసుకోలేదా" అని పాత సూపరింటెండెంటులా కోప్పడ్డారు. ఆ కోపం విని నాకు ఎంత ఆనందమయిందో చెప్పలేను. ఇప్పుడు ఆయన దగ్గర పిట్టల పేర్లు వ్రాసిన పుస్తకం ఉంది, తేదీ, వేళ, స్థలం అన్నీ కాలములు గీసి. ఆయన ఈ సభలోనే మూడో వరుసలో కూర్చున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడవద్దని ప్రార్థన.

వ్యూ పాయింటు ఆయన్ను లేపగలిగేదా? నాకు నమ్మకం లేదు. అక్కడ పది నిమిషాలు నిలబడతాం, ఫొటో తీస్తాం, బొంగులో చికెన్ ఎక్కడని అడుగుతాం, బస్సు హారను కొడుతుంది.

"ఓపిక ఉండాలి గదా మాస్టారూ" అంటారు కొందరు. సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ మీదుగా సముద్రం వైపు తిరిగి, ఊరంతా చుట్టి తెల్లారేసరికి మళ్ళీ కొండ పాదానికి చేరే డెబ్బై ఏళ్ళవారిని మన సంఘంలోనే డజను మందిని చూపిస్తాను. రాత్రంతా తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడవగలిగినవారు, పొద్దున్నపూట చెట్ల నీడన రెండు కిలోమీటర్లు నడవలేరంటే అప్పన్నే నమ్మడు.

సైకిలు సంగతి కూడా అడుగుతారని తెలుసు. 1976లో సైకిల్ అడ్వాన్సు తీసుకొని కొన్న సైకిలు మీద హనుమంతవాక నుంచి అడవివరం వెళ్ళేవాణ్ణి. అటు కంబాలకొండ, ఇటు సింహాచలం కొండ, మధ్య దారి. సంపెంగల కాలంలో, అనాస, పనస వచ్చే రోజుల్లో కొండ మీది నుంచి బుట్టలతో దిగేవారు ఎదురయ్యేవారు. ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, బండ్లు పెరిగాయి. అరవై ఏళ్ళకు మళ్ళీ గేర్ల సైకిలు కొన్నాను. ఇప్పుడు ముడసర్లోవ దాటి పోవడం లేదు. ఆదివారం తెల్లవారాక, బండ్లు తక్కువ ఉన్నప్పుడు, ఇప్పటికీ బాగానే ఉంటుంది. మీ మనుమలు మోటారు సైకిలు మీద అరకు పోతామంటే వద్దనకండి, ఒక్క మాట చెప్పండి. శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ ఆ గేరే వాడమనండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దింపితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. ఎదురుగా ఎక్కేవాడికి దారి ఇవ్వాలి.

ఇక మన నడక. డాక్టరు కాదు నేను, పదహారేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. ఎక్కేటప్పుడు పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవాలి. మాట తెగిపోతోందంటే ఆగాలి. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాలికి పరీక్ష. చాలామంది పడేది దిగేటప్పుడే. చేతికర్ర సిగ్గుపడే వస్తువు కాదు. షుగరున్నవారు టిఫిను మానేసి రాకూడదు, జేబులో బెల్లం ముక్కో బిస్కట్టో ఉండాలి. కిందటేడు కళ్ళు తిరిగిన సభ్యుడు ఆ రోజు ఏమీ తినకుండా మాత్ర మాత్రం వేసుకొని వచ్చారని తరువాత తెలిసింది. తప్పు కొండది కాదని నా అభిప్రాయం. చీకటి ఉండగా అడవిలోకి పోకూడదు, అది చిరుత డ్యూటీ వేళ. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు వంజంగి, లంబసింగి తెల్లవారుజాము చలికి పోకపోవడం మంచిది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది గనుక, విశాఖలో పలచని చొక్కాతో బయలుదేరినవారు అక్కడ ఇబ్బంది పడతారు. ఏజెన్సీలో చాలాచోట్ల ఫోను పలకదు, ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. అరకు బస్సు వేయండి, నేనూ వస్తాను, కిటికీ పక్క సీటు ఇస్తే ఇంకా మంచిది. కానీ నడక కార్యక్రమాన్ని రద్దు చేసే తీర్మానం పెట్టవద్దు. దాని బదులు ప్రతి నెలా రెండో ఆదివారం కంబాలకొండ నడక అని పెట్టండి. పదిమందికి మించకుండా, ఇద్దరికి ఇద్దరు జతగా. మొదటి బల్ల దాకా వచ్చి కూర్చునేవారు కూడా నడిచినవారి లెక్కలోకే వస్తారు. సంఘానికి ఖర్చేమీ లేదు, ఎవరి టికెట్టు వారిదే.

వచ్చే నెల నడకకు పేర్లు కోశాధికారిగారి దగ్గర ఇవ్వండి. పేరుతో పాటు ఇంటివారి ఫోను నంబరు, వాడే మందుల పేర్లు ఒక చీటీ మీద వ్రాసి ఇవ్వాలి. ఉదయం ఆరున్నరకు గేటు దగ్గర కలుద్దాం. నీళ్ళు రాగి చెంబులో తెచ్చినా, స్టీలు సీసాలో తెచ్చినా సరే, ప్లాస్టిక్ సీసా మాత్రం వద్దు. పిట్టల పుస్తకం తెచ్చేవారు మూడో వరుసలో ఉన్నారు, వారిని ముందే కలుసుకోండి. వంటవారు చేతులు ఊపుతున్నారు, భోజనాలకు లేవవచ్చు.